సీజ్ అయిన బండిని త్వరగా విడిపించుకోవడం ఎలా: మీ కష్టాన్ని అధికారి ముందు, కోర్టు ముందు పెట్టే పద్ధతి

ఆటో స్టేషన్‌లో ఉండిపోతే ఆ రోజు నుంచే ఇంటి లెక్క తప్పుతుంది. ఫైనాన్స్ కిస్తీ ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. అదునులో ట్రాక్టర్ పట్టుబడిన రైతుకైతే ఒక పంటే చేజారవచ్చు. అందుకే బండి పోగానే మనవాళ్లు స్టేషన్‌కు పరుగెత్తి బతిమాలుతారు. సార్ కరుణిస్తారేమోనని రోజంతా బయట నిలబడతారు. సాయంత్రానికి ఎవరో ఒక బ్రోకర్ పరిచయమవుతాడు. కాలం, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

ముందుగా ఒక విషయం తెలుసుకోండి. మన చట్టంలో ‘కష్టంలో ఉన్నాను కాబట్టి బండి ఇవ్వండి’ అనే ప్రత్యేక దరఖాస్తు ఏదీ లేదు. బండి విడుదలకు చట్టం వేరే దారులు పెట్టింది. ఆ దారుల్లో మీ కష్టం తొందరకు కారణంగా పనికొస్తుంది. సరైన అధికారి ముందు, సరైన సెక్షన్ కింద, కాగితాలతో చూపిస్తే దానికి చాలా బలం ఉంటుంది. తప్పు చోట ఎంత చెప్పుకున్నా ఫలితం ఉండదు, ఎందుకంటే వినేవాళ్ల చేతిలో బండి వదిలే అధికారమే ఉండదు.

మొదటి పని: బండి ఎవరి అధికారంలో ఉందో తేల్చుకోండి

బండి కళ్లకు కనిపించేది స్టేషన్ ఆవరణలోనో, ఆర్టీసీ డిపోలోనో కావచ్చు. అంతమాత్రాన దాన్ని వదిలేది ఆ స్టేషనో డిపోనో అనుకోకండి. ఏ చట్టం కింద పట్టుకున్నారో దాన్ని బట్టే వదిలే అధికారి ఎవరో తేలుతుంది. కాబట్టి వెళ్లగానే అడగాల్సింది ‘ఎప్పుడు ఇస్తారు’ అని కాదు, ‘ఏ సెక్షన్ కింద పట్టుకున్నారు, కాగితం ఇవ్వండి’ అని.

రవాణా శాఖ వాళ్లు పట్టుకుంటే వెహికల్ చెక్ రిపోర్ట్ రాస్తారు, వాడుకలో వీసీఆర్ అంటారు. ట్రాఫిక్ పోలీసులైతే చలానా, బండి ఆపినట్టు రసీదు ఇస్తారు. క్రిమినల్ కేసైతే ఎఫ్ఐఆర్ నంబరు ఉంటుంది, బండి స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా ఉంటుంది. ఎఫ్ఐఆర్ కాపీ చాలా కేసుల్లో పోలీసు శాఖ వెబ్‌సైట్ నుంచే దించుకోవచ్చు. సున్నితమైన కేసులవి మాత్రం అక్కడ పెట్టరు.

ఈ కాగితాలు చేతికొచ్చాక మీ కేసు మూడు దారుల్లో ఒకదానిలో పడుతుంది: రవాణా చట్టం ఉల్లంఘన, మామూలు క్రిమినల్ కేసు, లేదా జప్తు అధికారం, అంటే బండిని శాశ్వతంగా ప్రభుత్వపరం చేసే అధికారం ఉన్న ప్రత్యేక చట్టం. ఇసుక, రేషన్ బియ్యం, మద్యం, గంజాయి, కలప కేసులన్నీ మూడో దారిలోకి వస్తాయి.

నో పార్కింగ్‌లో ఉన్నందుకు క్రేన్‌తో ఎత్తుకెళ్లిన బండికి ఇదంతా అక్కర్లేదు. జరిమానా, తరలింపు ఖర్చు కట్టి, రసీదు తీసుకుని తెచ్చుకోవడమే.

రవాణా చట్టం కింద ఆపిన బండి

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 207 ఉంది. లైసెన్స్ లేకుండా నడపడం, వయసు చాలనివాళ్లు నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం, పర్మిట్‌లోని రూటు, ప్రాంతం, వాడకం షరతులు మీరడం, ఈ కారణాలతో బండిని ఆపే అధికారం ఈ సెక్షన్ ఇస్తుంది. చాలామందికి తెలియని మాట ఒకటి ఇందులోనే ఉంది. లైసెన్స్, వయసు, పర్మిట్ కారణాలతో ఆపినప్పుడు బండికి బదులు ఆర్‌సీని తీసుకుని రసీదు ఇచ్చే వీలు అధికారికి ఉంది. అది ఆయన విచక్షణే, మీ హక్కు కాదు. కానీ అడగడంలో తప్పు లేదు. ‘సార్, ఈ బండి మీదే బతుకుతున్నాం. సెక్షన్ 207లో ఉన్నట్టు ఆర్‌సీ ఉంచుకుని బండి ఇప్పించండి’ అని అక్కడికక్కడే మర్యాదగా అడగండి. బండి డిపోకు చేరాక అడగడం కంటే అప్పుడు అడిగితేనే ఫలితం ఎక్కువ.

బండి వెళ్లిపోతే అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ చూడండి. యజమాని గానీ, బండి బాధ్యత చూసే మనిషి గానీ సంబంధిత పత్రాలతో రవాణా అధికారికి లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన పత్రాలు సరిచూసి, అవసరమైన షరతులతో బండి వదులుతూ ఆర్డర్ ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. బండి నంబరు, వీసీఆర్ నంబరు, తేదీ, ఏ లోపం చూపించారు, దాన్ని ఎలా సరిచేశారు, ఎందుకు తొందర అన్నవి వరుసగా రాస్తే చాలు.

ఇక్కడ కష్టం చెప్పుకునేముందు లోపం సరిచేసుకోవడం ముఖ్యం. త్రైమాసిక పన్ను బాకీ ఉంటే కట్టి రసీదు జత చేయండి. ఇన్సూరెన్స్ అయిపోతే రెన్యూవల్ చేయించండి. చలాన్లు పెండింగ్‌లో ఉంటే కట్టేయండి. ఫిట్‌నెస్ ముగిసిన బండికి చిక్కుంది. బండి బయటికి రాకుండా ఫిట్‌నెస్ పరీక్ష జరగదు. అలాంటప్పుడు ‘నేరుగా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లి సర్టిఫికెట్ తెస్తాను’ అని హామీ పత్రం రాసి, ఆ షరతు మీద వదలమని అడగండి. షరతులతో వదిలే అధికారం ఆ సెక్షన్‌లోనే ఉంది కదా.

మైనర్ నడిపిన కేసులో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2019 సవరణ తెచ్చిన సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలల పాటు రద్దు చేసే నిబంధన కూడా ఉంది. ఇలాంటి కేసులో సొంతంగా తిరగకుండా మొదటి రోజే లాయర్‌ను కలవండి.

డ్రంక్ అండ్ డ్రైవ్ గురించి తెలంగాణ పాఠకులు గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఒకటి ఉంది. డ్రైవర్ తాగి ఉన్నాడన్న కారణంతో బండిని పోలీసులు సీజ్ చేసి పెట్టుకోకూడదని హైకోర్టు 2021లో చెప్పింది. తాగనివాళ్లు, లైసెన్స్ ఉన్నవాళ్లు పక్కన ఉంటే బండి వాళ్లకు ఇవ్వాలి. ఎవరూ లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిచి ఇవ్వాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తరలించాలి, తర్వాత యజమాని పత్రాలతో వస్తే ఇచ్చేయాలి. డ్రైవర్ మీద కేసు మామూలుగానే నడుస్తుంది. ఓనర్ ఒకరు, డ్రైవర్ ఒకరు అయినచోట ఈ తీర్పు ఎంతో ఉపయోగపడుతుంది.

క్రిమినల్ కేసులో చిక్కుకున్న బండి

ప్రమాదం, దొంగతనం, కొట్లాట, మోసం, ఇలా ఏదో ఒక ఎఫ్ఐఆర్‌లో బండి ఉంటే అది కేసు ప్రాపర్టీ అవుతుంది. ఇక్కడ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్ వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో ఇదే అమల్లో ఉంది. పాత సెక్షన్ 451 ఇప్పుడు 497 అయింది, 457 ఇప్పుడు 503 అయింది. లాయర్లు చాలావరకు ఈ రెండు సెక్షన్లూ కలిపి బండి మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేలోపు బండి మీ దగ్గర ఉంచుకోవడానికి పిటిషన్ వేస్తారు.

కోర్టుకు వెళ్లేముందు ఒక మెట్టు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 ప్రకారం స్వాధీనం చేసుకున్న వస్తువును కోర్టుకు సులువుగా తరలించలేకపోయినా, భద్రంగా ఉంచడానికి చోటు లేకపోయినా, పోలీసు అధికారే దాన్ని ఒక వ్యక్తి కస్టడీకి ఇవ్వవచ్చు. అడిగినప్పుడు కోర్టు ముందు తెస్తానని ఆ వ్యక్తి బాండ్ రాసివ్వాలి. లారీ, ట్రాక్టర్, బస్సు లాంటి పెద్ద బండ్లకు ఈ మాట బాగా అతుకుతుంది. స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సంతకమో ముద్రో తీసుకోండి. ఆయన ఇవ్వకపోయినా ఆ కాపీ తర్వాత కోర్టులో పనికొస్తుంది. మీరు ఆలస్యం చేయకుండా అడిగారని అదే సాక్ష్యం.

రోడ్డు ప్రమాదం కేసైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 136 చూడండి. ప్రమాదంలో ఉన్న బండిని తనిఖీ కోసం తీసుకెళ్లవచ్చు, కానీ ఆ లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. ఆచరణలో మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి బ్రేకులు చూసి రిపోర్టు ఇచ్చేవరకు ఏదీ కదలదు. కాబట్టి మీ మొదటి ప్రయత్నం ఎంవీఐ తనిఖీ త్వరగా జరిగేలా చూడటమే. స్టేషన్ నుంచి రవాణా కార్యాలయానికి లేఖ వెళ్లిందా, ఏ తేదీన వెళ్లింది, కనుక్కోండి. రోజులు గడిచిపోయే కేసుల్లో తరచుగా ఆ లేఖే వెళ్లి ఉండదు.

ప్రమాద సమయానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకపోతే దారి కఠినమవుతుంది. బాధితులకు రావాల్సిన పరిహారానికి సెక్యూరిటీ చూపించమంటారు. అది న్యాయమైన అడుగుడే. ఎదుటి కుటుంబం కూడా కష్టంలోనే ఉంది. ఎంత సెక్యూరిటీ పెట్టగలరో ముందే ఆలోచించుకుని లాయర్‌కు చెప్పండి.

ఇప్పుడు కోర్టు వైపు మీకున్న బలం చూద్దాం. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో స్పష్టంగా చెప్పింది: పట్టుకున్న బండ్లను స్టేషన్ల దగ్గర ఎక్కువకాలం ఉంచడం వల్ల ఉపయోగం లేదు. బాండు, గ్యారంటీ, సెక్యూరిటీ తీసుకుని మెజిస్ట్రేట్ వెంటనే తగిన ఉత్తర్వులు ఇవ్వాలి. బండికి వివరమైన పంచనామా, ఫోటోలు ఉంటే విచారణలో అవే సరిపోతాయన్నది ఆ తీర్పు సారం. 2010లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంపై వేసిన కేసులోనూ ఆ సూత్రాలను కచ్చితంగా అమలు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్ వెనకాల తుప్పుపట్టిన బండ్ల గుట్టలు మనం చూస్తూనే ఉన్నాం. మీ బండి వాటిలో కలవకూడదని అడిగే హక్కు ఈ తీర్పులు ఇచ్చాయి.

కొత్త చట్టం గడువులు కూడా పెట్టింది. సెక్షన్ 497 ప్రకారం వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారవ్వాలి, ఫోటోలు తీయించాలి, అవసరమైతే వీడియో కూడా. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఏం చేయాలో ఉత్తర్వు రావాలి. పిటిషన్‌లో ఈ గడువులను తప్పక రాయించండి.

కష్టాన్ని ఎలా చూపించాలి

అసలు శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. ‘పిటిషనర్ పేదవాడు, బండి లేక ఇబ్బంది పడుతున్నాడు’ అని ఒక వాక్యం రాసి వదిలేసే పిటిషన్లు చాలా ఉంటాయి. మెజిస్ట్రేట్ రోజూ చూసే వాక్యం అది. ఏ జడ్జి మనసూ దానితో కదలదు. అది అబద్ధమని కాదు, అందులో పట్టుకోవడానికి ఏమీ లేదని.

కష్టం మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ బండితో ఎవరు బతుకుతున్నారు? ఇంకో దారి ఎందుకు లేదు? ఆలస్యమైతే ఏ తేదీకి ఏం జరుగుతుంది? మూడో ప్రశ్నను అందరూ మర్చిపోతారు. తొందర ఎందుకో చెప్పేది అదొక్కటే.

మీ లాయర్‌కు ఇలా రాసివ్వండి, ఆయన దాన్ని పిటిషన్ భాషలోకి మారుస్తారు:

‘నేను ఫలానా నంబరు ఆటో యజమానిని. నడిపేది కూడా నేనే. ఇంట్లో భార్య, చదువుకునే ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న మా అమ్మ ఉన్నారు. వేరే సంపాదన లేదు. ఆటో ఫైనాన్స్ మీద కొన్నాను, కిస్తీ ప్రతి నెలా 7వ తేదీన కట్టాలి. బండి ఆగినప్పటి నుంచి ఒక కిస్తీ తప్పింది, ఫైనాన్స్ కంపెనీ నోటీసు జత చేశాను. మా అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఈ ఆటోలోనే తీసుకెళ్తాను, ఆసుపత్రి కార్డు కాపీ జత చేశాను. బండి స్టేషన్ ఆవరణలో ఎండలో ఉంది, టాప్ చిరిగిపోతోంది. కోర్టు ఎప్పుడు అడిగితే అప్పుడు బండి తెస్తాను, దాన్ని ఎవరికీ విక్రయించను, రూపు మార్చను.’

దీనిలో బతిమాలడం లేదు. ప్రతి మాటకు వెనక ఒక కాగితం ఉంది. ఆ కాగితాలేమిటంటే: కిస్తీల స్టేట్‌మెంట్, నోటీసు, ఆసుపత్రి కార్డు, వికలాంగుల సర్టిఫికెట్, రేషన్ కార్డు లేదా ఆదాయ ధ్రువీకరణ, ట్రావెల్స్‌తోనో స్కూలుతోనో ఉన్న ఒప్పందం, రైతైతే పాస్‌బుక్ కాపీ, బండి ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూపే ఫోటోలు. ఫోటోలు తీసుకోవడానికి స్టేషన్‌లో అనుమతి అడగండి, దొంగచాటుగా తీయకండి.

వికలాంగుల కోసం మార్పులు చేసిన మూడు చక్రాల స్కూటర్ అయితే కష్టం వేరే స్థాయిది. ఆ మనిషికి బండి కాళ్లలాంటిది, ఇంకో బండి అద్దెకు దొరకదు. ఆ విషయం పిటిషన్‌లో మొదటి పేరాలోనే రావాలి, నాలుగో పేజీలో కాదు. అలాగే వ్యవసాయ కాలం. దుక్కి, నాట్లు, కోతలు వారం ఆలస్యమైతే ఏం పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు, కోర్టుకు మాత్రం రాసి చెప్పాలి.

పెంచి రాయకండి. ఇంకో బండి మీ పేర ఉంటే, దాన్ని దాచి ‘ఇదొక్కటే ఆధారం’ అని రాస్తే ఎదుటివైపు నుంచి రవాణా శాఖ రికార్డు ఒక్కటి చూపిస్తే చాలు, మిగతా నిజాలు కూడా నమ్మరు. రెండో బండి ఉంటే ఉందనే రాసి, అది ఎందుకు సరిపోదో చెప్పండి.

పిటిషన్ వేయడం, వాదన, షరతులు

పిటిషన్ వేయాల్సింది రిజిస్టర్డ్ ఓనర్. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోనివాళ్లకు ఇక్కడే పెద్ద చిక్కు. ఆర్‌సీలో పాత యజమాని పేరుంటే ఆయన చేతే పిటిషన్ వేయించండి, లేదా ఆయన అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇప్పించండి. అమ్మకం కాగితం, పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 కాపీలు జత చేయండి. యజమాని చనిపోయి ఉంటే వారసులందరి సమ్మతి కావాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే కంపెనీ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ ముందే తెచ్చుకుంటే ఒక వాయిదా తగ్గుతుంది.

జత చేయాల్సినవి: ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్స్, ఆధార్, ఎఫ్ఐఆర్, దొరికితే పంచనామా, కష్టాన్ని చూపే కాగితాలు. అసలు పత్రాలు పోలీసుల దగ్గరే ఉంటే డిజీలాకర్ లేదా ఎంపరివాహన్ నుంచి కాపీలు తీసుకోండి.

పిటిషన్ పడ్డాక ప్రభుత్వం తరఫున అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నోటీసు వెళ్తుంది. ఆయన స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకుని కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు వేస్తారు. వాయిదాలు పడేది సాధారణంగా ఈ దశలోనే, స్టేషన్ నుంచి రిపోర్టు రాలేదని. మీరు చేయగలిగింది ఒకటే. పిటిషన్ కాపీ ప్రాసిక్యూటర్‌కు ఇచ్చిన మరునాడే దర్యాప్తు అధికారిని కలిసి, ఫలానా తేదీన వాయిదా ఉందని చెప్పి రిపోర్టు పంపమని కోరండి. గొడవ వద్దు, రోజూ గుర్తుచేయడం చాలు. కష్టం నిజంగా అత్యవసరమైతే, ఉదాహరణకు డయాలసిస్ లాంటిదైతే, విచారణ ముందుకు జరపమని విడిగా ఒక పిటిషన్ వేయమని లాయర్‌ను అడగండి.

ఎదుటివైపు నుంచి వచ్చే అభ్యంతరాలు సాధారణంగా రెండే: బండిని మళ్లీ నేరానికి వాడతారు, లేదా సాక్ష్యం మారుస్తారు. పరీక్షలు, ఎంవీఐ రిపోర్టు, ఫోటోలు అయిపోయాయని చూపిస్తే రెండోది తేలిపోతుంది. మొదటిదానికి జవాబు మీ హామీ పత్రం, మంచి ష్యూరిటీలు, అంటే మీ తరఫున జామీనుగా నిలబడేవాళ్లు. డ్రైవర్ తప్పు చేసి ఓనర్‌కు తెలియని కేసైతే ఆ డ్రైవర్‌ను తీసేశారని, ఇక నడిపేది ఎవరో చెప్పండి.

లాయర్ ఖర్చు భరించలేకపోతే మీ కోర్టు ప్రాంగణంలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కార్మికులకు, ఆదాయ పరిమితికి లోబడినవారికి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఉచితం కదా నాణ్యత ఉండదనుకోకండి. బండి రిలీజ్ పిటిషన్ కోర్టుల్లో నిత్యం నడిచే పని.

ఆర్డర్‌లో షరతులు ఉంటాయి. కోర్టు చెప్పిన మొత్తానికి సొంత బాండు, ఒకరిద్దరు ష్యూరిటీలు, బండి అమ్మకూడదు, రంగు, ఇంజిన్ మార్చకూడదు, పిలిచినప్పుడు తేవాలి. కొన్నిసార్లు అసలు ఆర్‌సీ కోర్టులో డిపాజిట్ చేయమంటారు. ష్యూరిటీలను ఆర్డర్ వచ్చాక వెతకడం మొదలుపెడితే ఇంకో వారం పోతుంది. జీతం స్లిప్పో, ఆస్తి కాగితాలో ఉన్న మనుషులను పిటిషన్ వేసిన రోజే సిద్ధం చేసుకోండి. బ్యాంక్ గ్యారంటీ లాంటి మీ శక్తికి మించిన షరతు పెడితే చేతులెత్తేయకండి. అదే కష్టం కాగితాలతో షరతు సడలించమని అదే కోర్టును అడగవచ్చు.

ప్రత్యేక చట్టాల్లో పట్టుబడితే

ఇక్కడ తప్పు చోటికి వెళ్లేవాళ్లు ఎక్కువ. రేషన్ బియ్యం కేసులో బండి పట్టుబడితే అది నిత్యావసర వస్తువుల చట్టం 1955 కిందికి వస్తుంది. సెక్షన్ 6ఏ కింద జప్తు అధికారం కలెక్టర్‌ది. మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేస్తే సెక్షన్ 6ఈ అడ్డం వస్తుంది. కాబట్టి పిటిషన్ కలెక్టరేట్‌లోనే పడాలి. కిరాయికి తిరిగే బండి యజమానులకు ఈ చట్టంలో ఒక రక్షణ ఉంది. జప్తుకు బదులు జరిమానా కట్టే అవకాశం వాళ్లకు ఇవ్వాలి, ఆ జరిమానా కూడా పట్టుకున్న రోజు ఆ సరుకు మార్కెట్ ధర దాటకూడదు. అంటే లెక్క బియ్యం ధర మీద, లారీ ధర మీద కాదు. మీకు తెలియకుండా, తగిన జాగ్రత్తలు తీసుకున్నా మీ బండిని వాడారని రుజువు చేయగలిగితే సెక్షన్ 6బీ కింద జప్తే చేయకూడదు.

ఇసుక, మట్టి కేసుల్లో గనుల శాఖ విధించే మొత్తం కట్టి రాజీ చేసుకునే వీలు గనుల చట్టం 1957లోని సెక్షన్ 23ఏలో ఉంది. ఎక్సైజ్ కేసుల్లో జప్తు వ్యవహారం డిప్యూటీ కమిషనర్ దగ్గర నడుస్తుంది, అటవీ కేసుల్లో అటవీ శాఖ అధీకృత అధికారి దగ్గర. జప్తు ప్రక్రియ మొదలయ్యాక మెజిస్ట్రేట్ చేతులు చాలావరకు కట్టేసి ఉంటాయి. అందుకే నోటీసు వస్తే జవాబివ్వకుండా వదలకండి. గడువు దాటితే బండి వేలానికి పోతుంది.

గంజాయి కేసులో బండి ఇక రానే రాదని చాలామంది ఆశ వదులుకుంటారు. 2025 జనవరిలో బిశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు ఆ అపోహ తొలగించింది. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో మధ్యంతర విడుదలకు పూర్తి నిషేధం లేదని చెప్పింది. ఎవరి దగ్గర సరుకు దొరికింది, ఓనర్‌కు తెలుసా లేదా అన్నది చూడాలని కూడా చెప్పింది. ఎక్కిన ప్రయాణికుడి సంచిలో సరుకు దొరికిన టాక్సీ ఓనర్, తానే రవాణా చేసిన ఓనర్ ఒకటి కాదు. ఈ పిటిషన్ ప్రత్యేక కోర్టులో పడుతుంది.

కాదన్నప్పుడు

పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ సర్టిఫైడ్ కాపీకి అదే రోజు దరఖాస్తు చేయండి. ఎందుకు కొట్టేశారో చదవండి. ‘దర్యాప్తు ఇంకా పూర్తి కాలేదు’ అని ఉంటే, ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) లేదా ఎంవీఐ రిపోర్టు వచ్చాక అదే కోర్టులో మళ్లీ వేయవచ్చు. పై కోర్టుకు వెళ్లడం కంటే అది చాలాసార్లు త్వరగా తేలుతుంది. చట్టపరమైన కారణంతో కొట్టేస్తే సెషన్స్ కోర్టుకా, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద హైకోర్టుకా అన్నది లాయర్‌తో తేల్చుకోండి. కలెక్టర్ జప్తు ఉత్తర్వు మీద అప్పీలుకు నెల రోజులే గడువు.

బండి తెచ్చుకునే రోజు

రిలీజ్ ఆర్డర్ తీసుకుని స్టేషన్‌కు పగటిపూట వెళ్లండి, మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. సంతకం పెట్టేముందు బ్యాటరీ, స్టెప్నీ, టైర్లు, జాకీ, మ్యూజిక్ సిస్టమ్, మీటర్ రీడింగ్ చూసుకోండి. పట్టుకున్నప్పటి పంచనామాతో పోల్చండి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 ప్రకారం ఇప్పుడు స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి. ఏదైనా మాయమైతే ఆ రికార్డు అడగవచ్చు. లోటు కనిపిస్తే అందుకున్న కాగితం మీదే రాసి సంతకం పెట్టండి. తర్వాత నోటితో చెబితే చెల్లదు. ఇన్సూరెన్స్ ఆ రోజుకు అమల్లో ఉందో లేదో చూసుకోకుండా రోడ్డెక్కకండి.

తర్వాత ఆ ఫైలు జాగ్రత్త చేయండి. కేసు నడిచినన్నాళ్లు బండి మీ దగ్గరున్నా కోర్టు అధీనంలో ఉన్నట్టే. చిరునామా మారినా, పెద్ద రిపేరు చేయించాల్సి వచ్చినా, ఫైనాన్స్ తీరి అమ్మాలనుకున్నా ముందు కోర్టు అనుమతి తీసుకోండి. కేసు ముగిసినప్పుడు తీర్పులో బండి గురించి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 498 కింద ఏం రాశారో చూడండి. అప్పీలు గడువు అయ్యాక బాండు రద్దుకు, డిపాజిట్ చేసిన ఆర్‌సీ వాపసుకు చిన్న మెమో వేయించండి. ష్యూరిటీగా నిలబడినవాళ్లు తమ బాధ్యత తీరిందో లేదో మిమ్మల్నే అడుగుతారు, ఆ ఆర్డర్ కాపీ ఒకటి వాళ్లకూ ఇవ్వండి.